ప్రమాదకరమైన ఐవీ మందులను ఆసుపత్రిలో, ఇంట్లో సురక్షితంగా వాడే విధానం: సమగ్ర మార్గదర్శి

సిరలోకి ఎక్కించే మందుల్లో కొన్ని రోగి ప్రాణాన్ని నిలబెట్టేవే అయినా, వాటిని కలిపే ఫార్మసిస్టుకూ, ఎక్కించే నర్సుకూ, బెడ్‌పాన్ తీసే ఆయాకూ, ఇంట్లో ఆ రోగి దుప్పట్లు ఉతికే మనిషికీ హాని చేయగలవు. రోగి విషయంలో వైద్యులు లాభనష్టాలు బేరీజు వేసి మోతాదు నిర్ణయిస్తారు. తక్కినవారికి ఆ మందు వల్ల లాభమేమీ లేదు కనుక, వారి ఒంట్లోకి రవ్వంత చేరినా అది ఉట్టి నష్టమే. మందు డబ్బా అందుకున్నప్పటి నుంచి రోగి మూత్రంలో దాని జాడ పోయేదాకా అది సాగే దారి వెంటే సాగుతూ, అది ఎక్కడెక్కడ బయటపడుతుందో, అక్కడ ఎవరేం చేయాలో వరుసగా చెప్పడం ఈ మార్గదర్శి ఉద్దేశం. ఇందులో చెప్పినదానికీ, మీకు చికిత్స చేస్తున్న బృందం రాసిచ్చిన సూచనలకూ తేడా ఉంటే వారి మాటనే పాటించాలి. మందును బట్టి, పరికరాన్ని బట్టి నియమాలు మారుతుంటాయి.

మొదట తేల్చుకోవలసింది: ఏది ప్రమాదకర మందు

క్యాన్సర్ కలిగించే గుణం, గర్భస్థ శిశువుకు లోపాలు తెచ్చే గుణం, సంతానోత్పత్తిని దెబ్బతీసే గుణం, జన్యుపదార్థాన్ని పాడుచేసే గుణం, తక్కువ మోతాదులోనే అవయవాలను దెబ్బతీసే గుణం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ మందును ప్రమాదకరమైనదిగా లెక్కిస్తారు. ఇలాంటి గుణాలున్న మరో మందును నిర్మాణంలో పోలి ఉన్నా అదే లెక్క. అమెరికాలో కార్మికుల ఆరోగ్య భద్రతపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 2004లో ఈ మందుల గురించి హెచ్చరిక జారీ చేసింది. ఆ తర్వాత పలుమార్లు సవరించిన దాని జాబితా తాజా రూపం 2024లో వెలువడింది. చాలా దేశాల ఆసుపత్రులు ఆ జాబితాను ఆధారంగా పెట్టుకుని తమ సొంత జాబితా తయారు చేసుకుంటాయి. సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్, ఫ్లోరోయురాసిల్, మెథోట్రెక్సేట్ వంటివి ఇందులో తరచుగా కనిపించే పేర్లు. వీటిలో సైక్లోఫాస్ఫమైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలోనే చేర్చింది.

ఇవన్నీ క్యాన్సర్ వార్డుకే పరిమితమనుకోవడం పెద్ద పొరపాటు. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే జబ్బు) వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కిస్తారు. గర్భాశయం బయట నిలిచిన గర్భానికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. అవయవ మార్పిడి జరిగినవారికి సైటోమెగలో వైరస్ సోకితే గాన్‌సైక్లోవిర్ ఇస్తారు. నిజానికి క్యాన్సర్ వార్డులో అందరికీ శిక్షణ ఉంటుంది, సామగ్రి ఉంటుంది. నెలకొకసారి మాత్రమే ఇలాంటి మందు వచ్చే సాధారణ వార్డులోనే ఎవరూ గ్లోవ్స్ సంగతి కూడా గుర్తుచేయరు. అందుచేత జాబితా ఫార్మసీ బీరువాలో ఉంటే చాలదు. ప్రతి వార్డులో మందులు పెట్టే చోట గోడకు అంటించి ఉండాలి.

ఇక్కడ రెండు వేర్వేరు జాబితాలు కలగాపులగం కావడం తరచుగా చూస్తాం. గాఢ పొటాషియం క్లోరైడ్ వంటివి రోగికి తప్పుగా ఇస్తే ప్రాణం తీస్తాయి గాని, సీసా పట్టుకున్నవారి చేతికి హాని చేయవు. వాటిది అధిక అప్రమత్తత అవసరమైన మందుల జాబితా. ఈ మార్గదర్శి చెప్పేది పట్టుకున్నవారికీ హాని చేసే మందుల గురించి. విన్‌క్రిస్టిన్ లాంటివి రెండు జాబితాల్లోనూ ఉంటాయి కనుక వాటి దగ్గర రెండు రకాల జాగ్రత్తలూ కావాలి. యాంటీబాడీ మందుల్లో చాలావరకు ఈ కోవలోకి రావు. కాని యాంటీబాడీకి కణాలను చంపే విషపదార్థాన్ని తగిలించి తయారుచేసిన ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్‌సిన్ వంటి వాటిని ప్రమాదకరంగానే చూడాలి. పేరు చివర చూసి ఊహించకుండా ఫార్మసిస్టును అడగడమే సరైన పని.

కంటికి కనిపించని మరకే అసలు సమస్య

ఒలికిన మందును చూస్తే ఎవరైనా జాగ్రత్తపడతారు. ఒలకకుండానే వ్యాపించే మందు గురించే ఎక్కువ చెప్పుకోవాలి. 1979లో ఫిన్లాండ్ పరిశోధకులు, ఈ మందులతో పనిచేసే నర్సుల మూత్రంలో జన్యుమార్పులు కలిగించే గుణం ఉందని ప్రచురించినప్పటి నుంచి, మందు కలిపే బల్లలపైనా, నేలపైనా, తలుపు పిడులపైనా వీటి ఆనవాళ్లు ఎన్నో పరిశీలనల్లో దొరుకుతూనే ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చిన కొత్త వయల్ (మందు ఉండే చిన్న సీసా) బయటి వైపు కూడా మందు అంటి ఉండవచ్చు. ఆ వయల్‌ను పట్టుకున్న చేతితో పెన్ను, పెన్ను నుంచి ఫోను, ఫోను నుంచి ముఖం: మందు ఇలా చేరుతుంది. చర్మం గుండా ఇంకడం, ఆవిరిని గానీ సూక్ష్మ తుంపరలను గానీ పీల్చడం, చేతి నుంచి నోటికి పోవడం, సూది గుచ్చుకోవడం, ఇవి నాలుగూ ప్రధాన మార్గాలు. వాటిలో చర్మం, చేతి నుంచి నోరు అనే రెండు మార్గాలనే జనం తక్కువ పట్టించుకుంటారు.

దీన్నిబట్టి రక్షణకు ఒక వరుస ఏర్పడుతుంది. మందు అసలు బయటికి రాకుండా గొట్టాల కలయికలను మూసి ఉంచడం మొదటిది. వచ్చిన తుంపరను లాగేసే క్యాబినెట్ రెండోది. పని చేసే పద్ధతి మూడోది. గ్లోవ్స్, గౌను చివరివి. చాలాచోట్ల ఈ వరుస తలకిందులై, మంచి గ్లోవ్స్ కొంటే పని అయిపోయిందనుకుంటారు. గ్లోవ్స్ వేసుకున్నవారిని మాత్రమే కాపాడతాయి. అవే గ్లోవ్స్‌తో ముట్టుకున్న తలుపు పిడిని తర్వాత పట్టుకునేవారిని కాపాడవు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. స్పిరిట్ ఈ మందులను నిర్వీర్యం చేయదు. స్పిరిట్‌తో బల్ల తుడిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని, మందు ఒకచోటి నుంచి మరోచోటికి పాకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ విషయమూ అంతే. సబ్బు, పారే నీరు తప్ప ప్రత్యామ్నాయం లేదు.

అందుకోవడం, భద్రపరచడం

డబ్బా విప్పేవారు మొదటి నుంచే కీమో గ్లోవ్స్ (ఈ మందులను తట్టుకుంటాయని పరీక్షించిన గ్లోవ్స్) వేసుకోవాలి. డబ్బా తడిసినట్టో, లోపల గాజు కదిలిన చప్పుడైనట్టో ఉంటే దాన్ని విప్పకూడదు. ఒలికిన మందుగానే లెక్కించి ప్లాస్టిక్ సంచిలో మూసి విడిగా పెట్టాలి. నిల్వ చేసే అర కంటి ఎత్తుకు కిందే ఉండాలి, వయళ్లు జారిపడకుండా దానికి అంచు ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టవలసినవాటికి వేరే ఫ్రిజ్ ఉంటే మేలు. వార్డుకు పంపేటప్పుడు మూసిన జిప్ సంచిలో పెట్టి, దాన్ని పగలని గట్టి డబ్బాలో ఉంచి, మనిషి చేతికే ఇచ్చి పంపాలి. గాలి ఒత్తిడితో గొట్టాల గుండా వస్తువులు పంపే ఏర్పాటున్న ఆసుపత్రుల్లో ఈ ద్రవ మందులను అందులో పంపకూడదు. ఒక్క సీసా పగిలితే గొట్టాల వ్యవస్థ అంతా పాడవుతుంది.

కలపడం: ఇది వార్డులో చేసే పని కాదు

ఈ మందులను కలపడం శిక్షణ పొందిన ఫార్మసీ సిబ్బంది, తగిన క్యాబినెట్‌లో చేయవలసిన పని. నర్సుల గదిలో, కిటికీ పక్కన బల్ల మీద కలిపే అలవాటు ఎక్కడైనా ఉంటే దాన్ని మాన్పించడం మిగతా అన్ని జాగ్రత్తలకన్నా ముందు చేయవలసింది. రెండో తరగతి జీవభద్రత క్యాబినెట్ గానీ పూర్తిగా మూసిన ఐసోలేటర్ గానీ వాడాలి. దాని గాలి భవనం బయటికి పోవాలి. ఆ గది పీడనం పక్క గదికన్నా కనీసం 2.5 పాస్కల్స్ తక్కువగా ఉండాలి, అప్పుడే తలుపు తీసినా గాలి లోపలికి వస్తుంది తప్ప బయటికి పోదు. సాధారణ సెలైన్ మిశ్రమాలకు వాడే, గాలి అడ్డంగా పనివాడి ముఖం వైపు వీచే లామినార్ బల్లలను వీటికి ఎన్నడూ వాడకూడదు. అవి మందును శుభ్రంగా ఉంచుతాయి, కలిపేవారి ముక్కులోకి పంపుతాయి.

కలిపే క్రమంలో వయల్ లోపల ఒత్తిడి పెరగనీయకపోవడమే కీలకం. వయల్‌లోకి గాలి వదిలేటప్పుడు, అందులోంచి ఎంత ద్రవం బయటికి లాగుతామో అంతకన్నా కాస్త తక్కువ గాలినే లోపలికి వదిలి, లోపల ఒత్తిడి బయటికన్నా తక్కువగా ఉండేలా చూడాలి. లేకపోతే సూది బయటికి తీసిన క్షణంలోనే తుంపర చిమ్ముతుంది. సిరంజి మరతో బిగిసే లూయర్‌లాక్ రకమే ఉండాలి, అది ముప్పాతిక వంతుకు మించి నిండకూడదు, లేకపోతే పిస్టన్ ఊడిపోయే ప్రమాదముంది. గాలిబుడగను బయటికి చిమ్మకూడదు. తిరిగి వయల్‌లోకే పంపాలి. వయల్‌కూ సిరంజికీ మధ్య మూసి ఉండే బదిలీ పరికరాలు దొరుకుతాయి. ఇవి మందు ఆవిరి, చుక్కలు బయటికి రాకుండా అడ్డుకుంటాయి. ఖరీదైనవి గనుక అన్ని మందులకూ కొనలేని ఆసుపత్రి ముందుగా వార్డులో మందు ఎక్కించే చోట వాడటం మంచిదని నా అభిప్రాయం. కలిపేచోట కనీసం క్యాబినెట్ ఉంటుంది, మంచం పక్కన నర్సుకు మరే రక్షణా ఉండదు.

ఐవీ సెట్‌ను (బ్యాగు నుంచి రోగి సిర దాకా వెళ్లే గొట్టాన్ని) మందుతో నింపి పంపకూడదన్నది ఫార్మసీ మరవకూడని మరో నియమం. మందు కలపకముందే ఒట్టి సెలైన్‌తో గొట్టం నింపి, తర్వాత బ్యాగులో మందు కలపాలి. అలా చేస్తే నర్సు గొట్టాన్ని కాన్యులాకు (రోగి సిరలో పెట్టిన సన్నని గొట్టానికి) కలిపేటప్పుడు కొసన వేలాడే చుక్క ఉప్పునీటిదే అవుతుంది. బ్యాగు బయటి వైపు తుడిచి, పేరు, మోతాదు, ఎక్కించే మార్గం, ప్రమాదకర మందు అన్న గుర్తు అంటించి, పై జత గ్లోవ్స్ క్యాబినెట్‌లోనే విప్పేసి, తర్వాతే బ్యాగును జిప్ సంచిలో పెట్టాలి.

వేసుకోవడం, విప్పడం

గ్లోవ్స్ రెండు జతలు కావాలి. అవి పొడి లేనివై, కీమో మందులపై ఏఎస్‌టీఎం డీ 6978 ప్రమాణం ప్రకారం పరీక్షించినవై ఉండాలి. డబ్బా మీద ఆ సంఖ్య ఉందో లేదో చూడటం ఒక్క నిమిషం పని. లోపలి జత గౌను చేతుల కింద, పై జత గౌను చేతుల మీద ఉండాలి. తయారీదారు వేరే సమయం చెప్పకపోతే అరగంటకొకసారి మార్చాలి. చిరిగినా, మందు పడినా వెంటనే మార్చాలి. గౌను వెనక వైపు ముడిపడేదై, ముందు భాగం అతుకులు లేకుండా, చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా, ద్రవాన్ని ఇంకనివ్వని పూతతో ఉండాలి. బట్ట గౌను, మామూలు సర్జికల్ గౌను మందును పీల్చుకుని చర్మానికి ఆనించి ఉంచుతాయి గనుక వాటికన్నా ఏమీ లేకపోవడమే నయమనిపిస్తుంది, కనీసం అబద్ధపు ధైర్యమైనా ఉండదు. చిందే అవకాశమున్నప్పుడు కళ్లకు గాగుల్స్, ముఖానికి షీల్డ్ రెండూ కావాలి; చూపు కోసం పెట్టుకునే కళ్లద్దాలు చాలవు. సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపదు. ఎన్95 పొడిని, తుంపరను ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు.

విప్పేటప్పుడు పై గ్లోవ్స్ ముందు, తర్వాత ముఖకవచం, తర్వాత గౌనును లోపలి వైపు బయటికి వచ్చేలా మడుస్తూ, చివరగా లోపలి గ్లోవ్స్ తీసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గౌను వేసుకుని నర్సుల బల్ల దగ్గరికో, కాఫీ తాగే చోటికో వెళ్లడం అన్నది ఏ కారణంతోనూ ఒప్పుకోరానిది.

ఎక్కించడం

బ్యాగు వార్డుకు చేరాక ఇద్దరు అర్హులైన సిబ్బంది విడివిడిగా సరిచూడాలి. రోగి గుర్తింపు, మందు, మోతాదు, దాన్ని లెక్కించడానికి వాడిన ఎత్తు, బరువు, ఎక్కించే మార్గం, వేగం, గడువు, ఆనాటి రక్తపరీక్షలు అందులో ఉండాలి. ఒకరు చదివితే రెండోవారు తల ఊపడం సరిచూడటం కాదు.

మార్గం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విన్‌క్రిస్టిన్ సిరలోకి మాత్రమే ఇవ్వవలసిన మందు. వెన్నెముక ద్రవంలోకి ఇస్తే దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. అదే రోజు అదే రోగికి వెన్నులోకి మెథోట్రెక్సేట్ కూడా ఇవ్వవలసి ఉండి, రెండూ సిరంజుల్లోనే ఉన్నప్పుడు ఒకదాని బదులు మరొకటి ఇచ్చిన ఘోరాలు వివిధ దేశాల్లో జరిగాయి. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిపై హెచ్చరిస్తూ, విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాక చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వాలని సూచించింది. బ్యాగును ఎవరూ వెన్నుసూదికి తగిలించరు. మనిషి జాగ్రత్త మీద ఆధారపడకుండా వస్తువు ఆకారమే తప్పును అడ్డుకునే ఇలాంటి ఏర్పాటు వంద పోస్టర్లకన్నా మేలు.

మందుకు తగిన సెట్ ఉందో లేదో కూడా చూడాలి. ఉదాహరణకు పాక్లిటాక్సెల్ ద్రావణం మామూలు పీవీసీ గొట్టాల నుంచి ప్లాస్టిక్‌ను మెత్తబరిచే పదార్థాలను లాగేస్తుంది గనుక దానికి వేరే రకం సెట్, సన్నని ఫిల్టర్ కావాలి.

రోగి చేతి కింద, వెనక వైపు ప్లాస్టిక్ ఉన్న పీల్చే ప్యాడ్ పరచాలి. బ్యాగును కంటి ఎత్తుకు కింద, నడుము దగ్గర ఉంచుకుని కలపాలి; తల పైకి ఎత్తి స్టాండు మీద బ్యాగుకు సెట్ గుచ్చితే పడే చుక్క ముఖం మీదే పడుతుంది. కలిపేచోట గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పల్చని గుడ్డ) చుట్టి బిగించాలి. అయిపోయాక బ్యాగు నుంచి సెట్ ఊడదీయకుండా, ఒట్టి సెలైన్‌తో గొట్టం కడిగి, బ్యాగూ గొట్టమూ కలిపి ఒకటిగా చెత్త డబ్బాలో వేయాలి. పొదుపు కోసమో, అలవాటు కొద్దీనో సెట్ ఊడదీసి ఇంకో బ్యాగుకు గుచ్చడం వల్లే వార్డుల్లో ఎక్కువ మందు చిందుతుంది.

మందు సిర దాటి కారితే

డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్ వంటి వెసికెంట్ మందులు సిర దాటి చుట్టూ ఉన్న కణజాలంలోకి కారితే అక్కడ మాంసం చచ్చిపోయి, లోతైన పుండు పడవచ్చు. అందుకే వీలైనంతవరకు వీటిని పోర్ట్ వంటి పెద్ద సిరలోని గొట్టం ద్వారా ఇస్తారు. చేతి సిర ద్వారా ఇవ్వక తప్పనప్పుడు ముంజేతిపై కొత్తగా కాన్యులా వేయాలి. మణికట్టు, మోచేతి మడత వంటి కీళ్ల చోట్లు వద్దు, ఎందుకంటే అక్కడ పుండు పడితే కదలికే పోతుంది. మందు మొదలుపెట్టే ముందు రక్తం వెనక్కి వస్తోందో లేదో చూడాలి. చిన్న బ్యాగు ద్వారా ఇస్తున్నంతసేపూ నర్సు పక్కనే ఉండి 5 నుంచి 10 నిమిషాలకొకసారి, సిరంజితో ఇస్తుంటే 2 నుంచి 5 మిల్లీలీటర్లకొకసారి మళ్లీ చూడాలి. చేతి సిరలోకి వెసికెంట్లను పంపుతో తోయించకూడదు. సిర చిల్లుపడినా పంపు తన పని తాను చేసుకుపోతుంది. మంట, పోటు, బిగుతు అనిపించగానే చెప్పాలని రోగికి ముందే వివరించాలి. మర్యాద కొద్దీ ఓర్చుకునేవారే ఎక్కువ.

కారిందన్న అనుమానం రాగానే మందు ఆపాలి. కాన్యులా అక్కడే ఉంచి, దాని ద్వారా లోపల మిగిలినదాన్ని సిరంజితో నెమ్మదిగా వెనక్కి లాగాలి. సెలైన్‌తో కడగకూడదు, ఆ చోటును నొక్కకూడదు, రుద్దకూడదు. తర్వాత కాన్యులా తీసి, ఎర్రబడిన అంచు చుట్టూ పెన్నుతో గీసి, ఫొటో తీసి, చేయి ఎత్తుగా ఉంచి, వైద్యుడిని పిలవాలి. ఆపై చేయవలసినది మందును బట్టి పూర్తిగా మారుతుంది. డాక్సోరుబిసిన్ జాతి మందులకు చల్లని కాపడం పెడతారు, విరుగుడుగా డెక్స్‌రాజోక్సేన్‌ను 6 గంటల్లోపు, కారిన చేతికి కాక మరో చోట సిరలోకి ఎక్కించడం మొదలుపెడతారు. ఆ ఎక్కింపుకు కనీసం 15 నిమిషాల ముందు చల్లని కాపడం తీసేయాలి. విన్‌క్రిస్టిన్ జాతికి మాత్రం చల్లదనం హాని చేస్తుంది; వాటికి పొడి వెచ్చని కాపడం, హయలురోనిడేజ్ సూది. ఆక్సాలిప్లాటిన్‌కూ చల్లని కాపడం పెట్టరు, ఆ మందు తాలూకు నరాల బాధను చలి రెచ్చగొడుతుంది. ఈ తేడా హడావిడిలో గుర్తుకు రాదు కనుక, మందుకో వరుస చొప్పున రాసిన పట్టికతో సహా విరుగుడు డబ్బా వార్డులోనే సిద్ధంగా ఉండాలి.

ఒలికినప్పుడు: వరుస క్రమం

1. అందరినీ దూరం జరపాలి, హెచ్చరిక బోర్డు పెట్టాలి, ఫ్యాను ఆపాలి. ఎవరి మీదైనా పడితే నేల సంగతి తర్వాత, ముందు ఆ మనిషి సంగతి చూడాలి.

2. స్పిల్ కిట్ (ఒలికిన మందును శుభ్రం చేసే సామగ్రి పెట్టె) తెచ్చి రెండు జతల గ్లోవ్స్, గౌను, బూట్ల తొడుగులు, గాగుల్స్, శ్వాస రక్షణ వేసుకోవాలి. పెద్ద మొత్తంలో ఒలికితే ఆవిరిని కూడా ఆపే పూర్తి ముఖ రెస్పిరేటర్ కావాలి.

3. ద్రవమైతే పీల్చే ప్యాడ్‌ను మెల్లగా పైన పరచాలి. పొడి అయితే ముందు తడి గుడ్డ కప్పాలి. ఊడిస్తే గాలిలోకి లేస్తుంది.

4. గాజుముక్కలను చేత్తో కాక, కిట్‌లోని చిన్న పారతో ఎత్తి గట్టి డబ్బాలో వేయాలి.

5. తక్కువ మరక ఉన్న అంచు నుంచి ఎక్కువ మరక ఉన్న మధ్యకు తుడవాలి. డిటర్జెంట్ నీటితో కడిగి, మంచినీటితో తుడవడం మూడుసార్లు చేయాలి.

6. వాడినదంతా రెండు సంచుల్లో మూసి, ప్రమాదకర మందుల చెత్తలో వేసి, జరిగినది రాసిపెట్టాలి.

ఫార్మసీ క్యాబినెట్లలో చాలా మందులను నిర్వీర్యం చేయడానికి 2 శాతం సోడియం హైపోక్లోరైట్ వాడతారు. తర్వాత దాన్ని సోడియం థయోసల్ఫేట్‌తోనో నీటితోనో తుడిచేయకపోతే స్టీలు తుప్పుపడుతుంది. అది అన్ని మందులపైనా పనిచేయదు కాబట్టి ఏ మందుకు ఏది అన్నది తయారీదారు సమాచారంలో చూసుకోవాలి.

మలమూత్రాలు, పక్క బట్టలు, చెత్త

మందు రోగి ఒంట్లోకి పోయాక కథ ముగిసిందనుకుంటారు. అందులో కొంత మారకుండానే మూత్రంలో, మలంలో, వాంతిలో, చెమటలో బయటికి వస్తుంది. సాధారణంగా చివరి మోతాదు తర్వాత 48 గంటల వరకు ఈ జాగ్రత్తలు తప్పనిసరి. కొన్ని మందులకు వారం దాకా కావాలి, ఆ సంగతి రోగి కాగితాల మీద స్పష్టంగా రాయాలి. బెడ్‌పాన్, మూత్రపు సంచి, డైపర్ ముట్టుకునేవారు రెండు జతల గ్లోవ్స్, గౌను వేసుకోవాలి. మూత్రాన్ని ఎత్తు నుంచి పోస్తే చిందుతుంది, టాయిలెట్ అంచుకు దగ్గరగా వంచి పోయాలి. తడిసిన బట్టలను విదిలించకుండా చుట్టి, గుర్తు పెట్టిన సంచిలో వేయాలి. సూదులు మూత తిరిగి పెట్టకుండా, విరవకుండా గట్టి డబ్బాలోకే పోవాలి. మిగిలిన మందును సింకులో పోయకూడదు. ఈ చెత్త అంతా అధిక ఉష్ణోగ్రతలో కాల్చే కేంద్రానికే చేరాలి. శిక్షణ తరగతులకు నర్సులను పిలిచి పారిశుద్ధ్య సిబ్బందిని మరచిపోవడం అన్యాయం, ఎందుకంటే మరకను ఎక్కువగా ముట్టుకునేది వారే.

ఇంట్లో

ఫ్లోరోయురాసిల్ వంటి మందును సుమారు 46 గంటలపాటు నెమ్మదిగా ఎక్కించవలసి వచ్చినప్పుడు రోగికి చిన్న పంపు తగిలించి ఇంటికి పంపుతారు. కొన్నిటికి బ్యాటరీ ఉంటుంది. కొన్నిటిలో సాగే బుడగ తనంతట తానే కుంచించుకుంటూ మందును తోస్తుంది. బుడగ పంపులో వేగాన్ని నియంత్రించే చిన్న బిళ్ల ఒకటుంటుంది, దాన్ని చర్మానికి ఆనించి టేపు వేస్తారు. ఒంటి వేడికి తగినట్టు దాని లెక్క ఉంటుంది. మరీ వేడెక్కితే మందు పల్చబడి వేగంగా పోతుంది, చల్లబడితే మందగిస్తుంది. కనుక దాని మీద వేడినీళ్ల సంచి పెట్టకూడదు, వేడినీటి తొట్టిలో కూర్చోకూడదు, టేపు ఊడితే వెంటనే మళ్లీ అంటించాలి. నిద్రలో గొట్టం మీద పడుకోకుండా, పంపును దిండు పక్కన సంచిలో ఉంచుకోవాలి. మొదటి కొన్ని గంటల్లో బుడగ తగ్గినట్టు కంటికి తెలియదు. రోజుకు రెండు పూటలా ఒకే కోణం నుంచి ఫొటో తీసి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది.

పంపు చెప్పిన గడువుకన్నా చాలా ముందే ఖాళీ అయితే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఫ్లోరోయురాసిల్ ఎక్కువైనప్పుడు వాడే విరుగుడు యూరిడిన్ ట్రయాసిటేట్‌ను మందు ఎక్కించడం ముగిసిన 96 గంటల్లోపు మొదలుపెట్టాలి. లక్షణాలు కనిపించేదాకా ఆగితే ఆ గడువు దాటిపోవచ్చు. ఏ ఇంటికీ రాత్రిపూట కూడా పలికే ఫోన్ నంబరు లేకుండా పంపు పంపకూడదు.

సూది దగ్గర వాపు, మంట, తడి కనిపిస్తే గొట్టం మీది క్లాంపు (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) మూసి ఫోన్ చేయాలి, పంపును సొంతంగా ఊడదీయకూడదు. గొట్టం నుంచి మందు కారితే ముందు క్లాంపు, తర్వాత ఇచ్చిన గ్లోవ్స్ రెండు జతలు, తర్వాత కాగితపు తువ్వాళ్లతో పీల్చి, సబ్బు నీటితో మూడుసార్లు తుడిచి, అంతా రెండు సంచుల్లో మూసి ఆసుపత్రికే తిరిగి ఇవ్వాలి. ఇంటి చెత్తలో వేయడం, పెరట్లో కాల్చడం రెండూ చేయరానివి. పరుపు మీదో తివాచీ మీదో పడితే కడిగేసే తొందరలో నీళ్లు గుమ్మరించకూడదు, మందు లోపలికి ఇంకుతుంది. ముందు పీల్చి, తర్వాత తుడవాలి. మూత్రం పడినచోట బ్లీచింగ్ పోయకూడదు, ఘాటైన విషవాయువు వెలువడవచ్చు.

రోగి కూర్చునే మూత్రం పోయాలి, మగవారికీ ఇదే వర్తిస్తుంది. మూత పెట్టి రెండుసార్లు ఫ్లష్ చేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వేరే టాయిలెట్ ఉంటే మంచిది. డాక్సోరుబిసిన్ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం మందు రంగు వల్లనే, భయపడనక్కర్లేదు. తడిసిన బట్టలు విడిగా రెండుసార్లు ఉతకాలి. వెంటనే ఉతకలేకపోతే ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచాలి. వాంతి కోసం ప్లాస్టిక్ గిన్నె ఒకటి కేటాయించి దాన్ని వంటింటికి పోనివ్వకూడదు. ఫ్రిజ్‌లో ఉంచవలసిన మందు ఉంటే గట్టి డబ్బాలో, పిల్లలకు అందని చోట, తినే పదార్థాలకు దూరంగా పెట్టాలి. పెంపుడు జంతువులను ఆ టాయిలెట్ దగ్గరికి రానివ్వకూడదు.

వాటేసుకోవడం, చేయి పట్టుకోవడం, కలిసి భోంచేయడం వల్ల ప్రమాదం లేదు. ఈ మాట పదేపదే చెప్పాలి, ఎందుకంటే భయంతో రోగిని గదిలో ఒంటరిని చేసిన ఇళ్లు ఉన్నాయి. దాంపత్య సంబంధానికి కండోమ్ వాడాలి, ఎన్నాళ్లన్నది చికిత్స బృందాన్నే అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మందునూ, మలమూత్రాలనూ, తడిసిన బట్టలనూ ముట్టుకోకుండా ఆ పని మరొకరికి అప్పగించాలి. ఆసుపత్రి సిబ్బందిలోనూ గర్భవతులకూ, పాలిచ్చేవారికీ, బిడ్డను కోరుకుంటున్న స్త్రీపురుషులకూ అడిగిన వెంటనే, ఎదురు ప్రశ్నలు లేకుండా వేరే పని ఇవ్వాలి.

ఒంటి మీద పడితే

చర్మం మీద పడితే తడిసిన బట్టలు, గ్లోవ్స్ వెంటనే తీసేసి, సబ్బుతో, పుష్కలంగా పారే నీటితో కడగాలి. గట్టిగా తోమితే చర్మం గీరుకుని మందు ఇంకా లోపలికి పోతుంది. కంట్లో పడితే కాంటాక్ట్ లెన్సులు తీసి, రెప్పలు తెరిచి పట్టుకుని, కనీసం 15 నిమిషాలు నీటితో గానీ సెలైన్‌తో గానీ కడగాలి. సూది గుచ్చుకుంటే రక్తం పిండే ప్రయత్నం చేయకుండా సబ్బు నీటితో కడగాలి. మూడు సందర్భాల్లోనూ మందు పేరు, మోతాదు, ఎంతసేపు తగిలిందన్నది రాసుకుని ఆనాడే వైద్యుడికి చూపించుకోవాలి. ఆసుపత్రి ఆ సంఘటనను రిజిస్టర్‌లో నమోదు చేసి, ఆ ఉద్యోగి ఆరోగ్య దస్త్రంలోనూ చేర్చాలి. ఏ మందుతో, ఎన్నాళ్లు పనిచేశారన్న వివరం కూడా ఆ దస్త్రంలో ఉండాలి. ఈ మందుల ప్రభావం ఏళ్ల తర్వాత బయటపడేది గనుక, ఆనాటికి వార్డూ మారి ఉండవచ్చు, ఉద్యోగమూ మారి ఉండవచ్చు.